ఇన్‌స్పెక్టరమ్మ పాలబండి

ఇన్‌స్పెక్టరమ్మ గిన్నె చూడనిదే ఎవరికీ చుక్క పాలు పోసేది కాదు. వచ్చినవాళ్ళు ఎంతటివాళ్ళయినా సరే, ముందు గిన్నె ఆవిడ చేతికి రావాలి. ఆవిడ దాన్ని వెలుతురుకేసి వంచి లోపలికి చూడాలి. అంచు మడత కింద చూపుడువేలు పోనిచ్చి చుట్టూ తిప్పాలి. ఆ వేలు వాసన చూసుకోవాలి. ఆఖరున గిన్నెకో మొట్టికాయ వేసి, చెవి దగ్గర పెట్టుకుని వినాలి. గిన్నె ఆవిడతో ఏం చెప్పుకునేదో గానీ, చాలాసార్లు తీర్పు మాత్రం ఒకటే.

"పో. మళ్ళీ తోముకురా."

ఆవిడకి ఏ ఉద్యోగమూ లేదు. ఆ బిరుదు వీధివాళ్ళు ఇచ్చింది. వీధి వెనకాల రేకుల షెడ్డు, అందులో ఏడెనిమిది గేదెలు, పాల క్యాన్లు ఎక్కించిన మూడు చక్రాల తోపుడుబండి, బండి అడుగు పలక మీద బోర్లించిన డెయిరీ గిన్నెల దొంతర, ఇదీ ఆవిడ సామ్రాజ్యం. రెండోసారి తోముకొచ్చినా నచ్చలేదంటే ఆవిడ ఆ గిన్నెని జప్తు చేసి బండికి తగిలించేది. "ఇది నేను తోమి రేపిస్తాలే. ఇవాళ్టికి నా గిన్నెలో పట్టుకెళ్ళు" అనేది. జప్తు చేసిన గిన్నెలు గణగణమంటూ ఉంటే బండికి వేరే గంట అవసరం ఉండేది కాదు.

ఎందుకమ్మా ఈ చాదస్తం అని ఎవరైనా అడిగితే సమాధానం నాలిక చివరే ఉండేది. "పాలు విరగ్గొట్టేది మీ గిన్నె. పోయేది నా పరువు."

బ్యాంకు ఆఫీసరు ఈ బాధ పడలేక కొత్త గిన్నె కొని, కొట్టు నుంచి తిన్నగా బండి దగ్గరికే పట్టుకొచ్చాడు. ఆవిడ గిన్నె తిరగేసింది. అడుగున కొట్టువాడి చీటీ అంటుకునే ఉంది. గోటితో గీకింది.

"ఇదేంటి?"

"ధర చీటీ అండీ."

"దాని కింద?"

"జిగురండీ."

"మరి గిన్నె ఏదీ?"

కాంపౌండరు ఇంకా తెలివైనవాడిననుకుని, సూదులు మరిగించే నీళ్ళలోనే గిన్నె కూడా మరిగించి తెచ్చాడు. "స్పిరిట్ వాసనొస్తోంది. నీకు పాలు పొయ్యాలా, సూది వెయ్యాలా?" అని పంపేసింది. హెడ్ కానిస్టేబులు లాఠీ చంకన పెట్టుకుని, తిరస్కరించిన గిన్నెతో తలొంచుకుని ఇంటికి నడిచి వెళ్ళడం వీధి పిల్లలంతా చూశారు. ఆ రోజుతో వాళ్ళకి పోలీసంటే భయం పోయింది. పరాయివాళ్ళ సంగతి ఎందుకు, పాలు పితికే మొగుణ్ణి కూడా బకెట్టు చూపించనిదే గేదె దగ్గరికి పోనిచ్చేది కాదు. ఆయన ఎప్పుడన్నా ఓ మాట అందామనుకుని, మళ్ళీ గేదెతో చెప్పుకుని ఊరుకునేవాడు.

ఇక కొడుక్కి సంబంధం చూడటానికి వెళ్ళినప్పుడు ఆవిడ పిల్ల మొహం చూడలేదు. తిన్నగా వంటింట్లోకి నడిచి పాలగిన్నె తీసి మొట్టింది. కాసేపు విని, "పిల్ల నచ్చింది" అంది.

అలా గిన్నె సిఫారసు మీద ఈ ఇంటికొచ్చిన కోడలు అత్తగారికి ఏ మాత్రం తీసిపోని మొండిది. వచ్చిన ఏడాదికే పాలు పితకడం నేర్చుకుంది, గేదెలకి ముద్దుపేర్లు పెట్టుకుంది, అత్తగారి పక్కన బండి తోస్తూ వీధంతా తిరిగింది. ఆ అమ్మాయికి రెండే రెండు విషయాలు మింగుడుపడలేదు. ఒకటి ఈ గిన్నెల తనిఖీ. రెండోది, బండి వీధి చివరికొచ్చేసరికి రోజూ పాలు తక్కువ పడటం.

"అత్తయ్యా, పొద్దున కొలిచి పోశాం కదా. ఎలా తగ్గాయి?"

"నురగమ్మా, నురగ. బండి కుదుపుకి దిగిపోయింది."

కోడలు మర్నాడు నురగంతా దిగేదాకా ఆగి, అప్పుడు కొలిచింది. అయినా తగ్గాయి. "ఇది లోపలి నురగ, నీకు కనబడదు" అంది అత్తగారు. ఆవిడతో వాదించడం కన్నా గేదెతో వాదించడం నయమని మామగారు సలహా ఇచ్చాడు.

అప్పుడొచ్చింది ప్యాకెట్ పాల బూత్. వీధి మొగలో, నీలం రంగు వేసిన పెట్టెలాంటి గది. ప్యాకెట్టు అడిగితే ప్యాకెట్టు ఇస్తారు, నీ గిన్నె ఏదని అడగరు, నీ మొహం కూడా చూడరు. హెడ్మాస్టరుగారి భార్య నలుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని షెడ్డుకే వచ్చింది.

"చూడమ్మా, నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. పెళ్ళీడు పిల్లలున్న ఇల్లాళ్ళం, నడివీధిలో గిన్నె సరిగ్గా తోమలేదని మాటలు పడాలా? ఈ తనిఖీ మానేస్తావా సరే, లేకపోతే వచ్చే నెలనుంచి వీధి వీధంతా బూత్‌కే."

ఇన్‌స్పెక్టరమ్మ ఆవిడ చెప్పిందంతా శ్రద్ధగా విని, "ఇంతకీ గిన్నె తెచ్చారా?" అంది.

కోడలు తల పట్టుకుంది. ఆ వీధి పోతే డెయిరీ లేనట్టే. ముందు రెండు గేదెల్ని అమ్మాలి, తర్వాత మిగతావాటిని, ఆ తర్వాత షెడ్డుని. తను పేరు పెట్టి పిలిస్తే తలెత్తి చూసే గేదెల్ని ఎవరో తాడు పట్టుకుని తోలుకుపోతారన్న ఊహే ఆ అమ్మాయి భరించలేకపోయింది. ఏమైనా సరే, అత్తగారి చేత ఈ చాదస్తం మాన్పించి తీరాలని పట్టు పట్టింది. బతిమాలింది, అలిగింది, అన్నం మానేసింది. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి దగ్గర ఇవన్నీ ఏం పనిచేస్తాయి? ఆవిడ కోడలి కంచం కూడా మొట్టి చూసి, మళ్ళీ వడ్డించింది.

అంతలో గేదెల కుడితి తొట్టి దగ్గర జారి ఇన్‌స్పెక్టరమ్మ కాలు బెణికింది. వారం పాటు మంచం దిగకూడదన్నాడు డాక్టరు. మంచం మీదనుంచే ఆవిడ కోడలికి ఆజ్ఞలు జారీ చేసింది.

"గిన్నె చూడకుండా పొయ్యకు. ఒక్క ఇల్లు కూడా వదలకు. తెలిసిందా? ఒక్కటి కూడా!"

"అలాగే అత్తయ్యా" అని కోడలు, ఆ సాయంత్రమే హెడ్మాస్టరుగారి ఇంటికి పరుగెత్తింది. రేపటినుంచి గిన్నెలు చూసేది లేదని మాటిచ్చింది. "అయితే మేమూ బూత్‌కి పోము. చదువుకున్న పిల్లవి, ఇంగితం తెలిసినదానివి" అని ఆవిడ కోడలి బుగ్గ నిమిరింది.

మర్నాడు పొద్దున బండి మెత్తగా, చప్పుడు లేకుండా కదిలింది. జప్తు చేసిన గిన్నెలన్నీ కోడలు ఎవరివి వాళ్ళకి ఇచ్చేసింది. అడిగినవాళ్ళకి అడిగినట్టు పోసింది. బ్యాంకు ఆఫీసరు పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. హెడ్ కానిస్టేబులు ఏకంగా సెల్యూట్ కొట్టాడు. వీధికి సెలవిచ్చినట్టుంది. ఇంత సులువైన పనికి అత్తయ్య ఇన్నాళ్ళూ ఎంత యుద్ధం చేసిందో కదా అనుకుంటూ కోడలు కంపోజిటరు గుమ్మం ముందు బండి ఆపింది.

కంపోజిటరంటే ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడు. ప్రెస్సు మూతపడి ఏళ్ళయింది. ఎదిగే పిల్లలు ముగ్గురు. దొరికిన రోజు దొరికిన పని చేస్తున్నాడు గానీ, మొగుడూ పెళ్ళామూ ఒకరి ముందు చెయ్యి చాచే రకం కాదు. ఆ మధ్య ఎదురింటి హెడ్మాస్టరుగారి భార్యే జాలిపడి, నలుగురిళ్ళలో పిల్లల బట్టలు పోగుచేసి, నలుగురూ చూస్తుండగా మూట తెచ్చి ఇచ్చింది. కంపోజిటరు భార్య కాదనకుండా పుచ్చుకుంది. మర్నాడు అవే బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి తిరిగి ఇచ్చేసింది. "పొరపాటున మా ఇంటికొచ్చాయండీ" అంది, అంతే.

ఆ ఇల్లాలు ఇప్పుడు ఓ చిన్న గిన్నె పట్టుకొచ్చింది. అద్దంలా మెరుస్తోంది. కోడలు వాళ్ళ వాడుక ప్రకారం పావు లీటరు పోసి, "వస్తానక్కా" అని బండి మీద చెయ్యి వేసింది. ఆవిడ కదల్లేదు.

"ఇవాళ గిన్నె చూడవా, చెల్లెమ్మా?"

"చూడ్డానికేముందక్కా, మొహం చూసుకోవచ్చు అందులో."

ఆవిడ మొహం ఎందుకో చిన్నబోయింది. "అదేంటి? మీ అత్తగారికి ఇది ఒక్కనాడూ నచ్చలేదే."

"ఇది నచ్చలేదా? ఏమంటుంది?"

"ఓ రోజు వాసనంటారు. ఓ రోజు సొట్టంటారు. మొన్నయితే ఏ వంకా దొరక్క, గుండ్రంగా లేదన్నారు." ఆవిడ కొంగు చాటునుంచి ఓ పెద్ద డెయిరీ గిన్నె తీసింది. నిన్నటిది. అదీ అద్దంలాగే తోమి ఉంది. "ఛీ, ఇందులో పొయ్యను పొమ్మని, రోజూ మీ గిన్నెలోనే పోసి ఇస్తారు."

కోడలు ఆ గిన్నె చేతిలోకి తీసుకుంది. రెండు లీటర్లు పడుతుంది. ఇన్నాళ్ళూ తను వెతికిన నురగంతా ఎక్కడ దిగుతోందో ఆ అమ్మాయికి అప్పుడు తెలిసింది. ఈ గుమ్మం దగ్గర బండి ఆగగానే, ముందిళ్ళవాళ్ళని కేకెయ్యమని అత్తయ్య తనని రోజూ ఎందుకు పంపేసేదో కూడా తెలిసింది.

ఒక్క ఇంటివాళ్ళ గిన్నెకే వంక పెడితే వీధంతా ఇట్టే కనిపెట్టేస్తుంది. అందుకని అత్తయ్య అందరి గిన్నెలకీ వంకలు పెట్టింది. పోలీసుని, బ్యాంకు ఆఫీసరుని, కట్టుకున్నవాణ్ణి కూడా వదలకుండా, వీధి మొత్తం చేత తిట్టించుకుంటూ. కోడలికి అక్కడికక్కడ ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

కంపోజిటరు భార్య గొంతు తగ్గించింది. "ఓసారి సరిగ్గా చూడు చెల్లెమ్మా. ఏదో ఒక వంక ఉండే ఉంటుంది."

అప్పుడే ఎదురింటి గుమ్మంలోంచి హెడ్మాస్టరుగారి భార్య, చేత గిన్నెతో, మెడ సాచి చూస్తోంది. "ఏమ్మాయ్, తనిఖీ లేదన్నావుగా? మరి ఆవిడ గిన్నెనేం చూస్తున్నావు?"

ఇటు చూస్తే మాటిచ్చిన వీధి, గేదెలు, షెడ్డు. అటు చూస్తే ఈ చిన్న గిన్నె. ఆ అమ్మాయి చిన్న గిన్నెలో పాలు క్యానులోకి ఒంపేసి, దాన్ని వెలుతురుకి వంచి, ఓ మొట్టికాయ వేసి, వీధి దద్దరిల్లేలా అరిచింది.

"ఇదీ ఒక గిన్నేనా అక్కా! మూతి చూడు, ఎలా ఉందో! ఇందులో చస్తే పొయ్యను!"

పెద్ద గిన్నె అంచుదాకా నింపి ఆవిడ చేతుల్లో పెట్టింది. ఆవిడ తలొంచుకుని తిట్లన్నీ బుద్ధిగా విని, లోపలికి వెళ్ళిపోయింది. కోడలు బండి తిప్పి ఎదురింటి ముందు ఆపింది.

"ఏదీ పిన్నిగారూ, మీ గిన్నె ఇలా ఇవ్వండి."

"అదేంటి! నిన్న మాటిచ్చావే!"

"నిన్న మీ గిన్నె చూడలేదండీ. ఇవాళ చూశాను. అంచుకి నిన్నటి మీగడ."

"అయితే మేం ప్యాకెట్టే తెచ్చుకుంటాం!"

"తెచ్చుకోండి. ఆ ప్యాకెట్టు కూడా కత్తిరించి పొయ్యాల్సింది ఈ గిన్నెలోనేగా? ముందు తోమండి."

ఇంటికొచ్చేసరికి వార్త బండికన్నా ముందే చేరింది. అత్తగారు మంచం మీద లేచి కూర్చుని ఉంది. కోడలు పక్కన కూలబడి, "ముందే చెప్పొచ్చుగా అత్తయ్యా?" అంది.

"చెబితే జాలిగా పోసేదానివి. జాలిగా పోస్తే ఆ ఇంట్లో పాలు దిగవు. తిట్టి పొయ్యాలి."

"వీధి పోతుందేమో."

"పోతే ఇంకో వీధి చూసుకుందాం. కాళ్ళున్నాయిగా" అని, బెణికిన కాలు చూసుకుని, "నీకు" అంది. తర్వాత కోడల్ని ఎగాదిగా చూసింది. "అది సరే, ఎలా తిట్టావో ఓసారి చూపించు."

మామగారికి గిన్నె ఇచ్చి ఎదురుగా నిలబెట్టారు. కోడలు తిట్టింది. అత్తగారికి నచ్చలేదు. కనుబొమలు ఇంకాస్త ముడవాలంది. మొట్టికాయ వేశాక వినాలి, వినకుండా తిడితే ఎవరూ నమ్మరంది. అలా పొద్దుపోయేదాకా తిట్లు తిన్న మామగారు, వెళ్ళి గేదెతో చాలాసేపు మాట్లాడాడు.

మూడిళ్ళు మాత్రం నిజంగానే బూత్‌కి వెళ్ళిపోయాయి. ఒక దూడని అమ్మక తప్పలేదు, ఆ రోజు కోడలు షెడ్డు వెనకాలకి పోయి ఏడ్చింది కూడా. కానీ మర్నాడు బండి ఆగలేదు. గిన్నె చూడటమూ ఆగలేదు. హెడ్మాస్టరుగారి భార్య వారం రోజులు ప్యాకెట్టు పాలు తాగి, ఎనిమిదో రోజు పొద్దున్నే గేటు దగ్గర నిలబడింది. "ఆ బూత్‌వాడు మనిషేనా? నోరు విప్పి ఒక్క మాటనడు" అంటూ గిన్నె చాచింది. తోమి తోమి దాని రంగే మారిపోయింది.

కోడలు వంచి చూసింది, వేలు తిప్పింది, మొట్టి విన్నది. "బాగుంది పిన్నిగారూ" అని పాలు పోసింది.

ఆవిడకి పతకం వచ్చినంత సంబరమైంది. అటూ ఇటూ చూసి, ఎదురింటి గుమ్మంలో అప్పుడే తిట్లు తిని, నిండిన పెద్ద గిన్నె రెండు చేతులా పట్టుకుని నిలబడ్డ కంపోజిటరు భార్యని చూసి నిజంగానే నొచ్చుకుంది.

"అయ్యో, నీదింకా పాసవలేదా అమ్మాయ్? మా పీచు పంపిస్తాను, రేపు దాంతో తోమి చూడు."

"ఎంత తోమినా ఇంతేలెండి" అని ఆ ఇల్లాలు, పాలు తొణకకుండా నవ్వుకుంటూ లోపలికి నడిచింది.