అమీనా ఫారంలో ఖాళీ కాలమ్

2016 ఏప్రిల్. తమిళనాడులో, సింగానల్లూరు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు నేను సూపరింటెండెంట్‌ని. ఎండాకాలం మధ్యాహ్నాల్లో పక్క మిల్లు నుంచి దూది నూగు తేలుతూ వచ్చి, కిటికీలోంచి దిగి, ఫైళ్ల మీద మెత్తగా వాలేది. ఆ రోజు డైరీలో నా మొదటి వాక్యం ఆ నూగు గురించే.

అందులోంచే నడిచి వచ్చినట్టు వచ్చింది అమీనా. జాంజిబార్ దీవి అమ్మాయి, బీఎస్సీ మొదటి సంవత్సరం. నా ముందు విత్‌డ్రాయల్ ఫారం పెట్టింది. చదువు మానేస్తున్నానని విద్యార్థి ఇచ్చే కాగితం అది. సాయంత్రం ప్రిన్సిపాల్ సంతకం పడితే సీటు పోతుంది, వెంటనే వీసా కూడా. మళ్లీ రావడమంటూ ఉండదు.

అందులో 'రీజన్' కాలమ్ ఖాళీగా ఉంది. ఖాళీ కాలమ్ ఉన్న ఫారాన్ని నేనెప్పుడూ పైకి పంపలేదు.

"కారణం రాయమ్మా" అన్నాను ఇంగ్లీషులో.

"ఏమీ లేదు సర్. అందరూ మంచివాళ్లే."

ఆ విద్యా సంవత్సరం మొదట్లో పరిచయాల రోజు నేనే జరిపించాను. తన దేశ రాజధాని, జనాభా, జెండా రంగులు తప్పు లేకుండా చెప్పింది. 'బాగా కలిసిపోయింది' అని డైరీలో రాసుకున్నాను.

ఇంతలో అటెండర్ రాజమ్మ ఫైళ్లు తెచ్చింది. నాలాగే ఆమె ఇంటి భాషా తెలుగే.

"ఈ పాప మెస్సులో కూచొని తినేదే లేదన్నా. అన్నం తట్ట ఎత్తుకొని రూముకు పోతాది. శానా తిమిరంట, పొగరంట. పిల్లకాయలు అంటా ఉండారు."

"ఊరకుండు రాజమ్మా, ఎదురుగానే ఉండాది."

"మన మాట ఆ పాపకు తెలిస్తాదా ఏమి!"

అమీనా తలెత్తింది. "ఇది తమిళం కాదు కదా సర్?"

తెలుగన్నాను. మా పెద్దలు వందల ఏళ్ల కిందట తెలుగు నేల నుంచి ఇటు వచ్చారని చెప్పాను.

"అయితే అక్కడికి వెళ్తే మీకు ఇంటికి వెళ్లినట్టుంటుందా?"

ఆ ప్రశ్నకు, మా ఆవిడకు కూడా చెప్పని సంగతి చెప్పాను. వయసులో ఉండగా ట్రైనింగ్ కోసం విజయవాడ వెళ్లాను, మనవాళ్ల దగ్గరికేనన్న సంబరంతో. మొదటి రోజు భోజనాల దగ్గర నోరు తెరిచానో లేదో, నా యాసకు బంతి బంతంతా నవ్వింది. "ఏ అడవిలోంచి దిగావయ్యా?" అన్నాడొకడు. ఆ నెలంతా కంచం పట్టుకుని వరండాలో ఒక్కణ్ణే తిన్నాను.

ఫారం మీద వాలిన నూగును అమీనా వేలితో తీసింది.

"మా నానమ్మ వీధి పొడుగునా చాపలు పరిచి లవంగాలు ఎండబెడుతుంది సర్. ఆ వాసనలోనే నిద్రపోయేదాన్ని. ఇక్కడ కుర్మా మూత తీయగానే అదే వాసన. ఏడుపొస్తుంది. అందరి ముందూ ఏడవలేక రూముకు వెళ్తాను."

రాజమ్మకు తెలుగులో చెప్పాను. ఫైళ్లు బల్ల మీద పడేసింది.

"అయ్యో కన్ను, నా తల్లీ! దీనికా ఊరు పోయేది? నా పక్కన కూచొని ఏడువు. నేను తింటా ఉంటా."

అది నేను ఇంగ్లీషులో చెప్పేసరికి అమీనాకు నవ్వూ కన్నీళ్లూ కలిసే వచ్చాయి. భోజనం గంట కొట్టారు. ఫారం బల్ల మీదే వదిలేసి రాజమ్మ వెంట నడిచింది. ఇద్దరూ నూగులో కరిగిపోతున్నట్టు కనిపించారు.

మెస్సులో నిజంగానే ఏడ్చిందట. పక్కవాళ్లు అడిగితే చాపల సంగతి చెప్పిందట. వాడిపట్టి అనే ఊరి నుంచి వచ్చిన రైతు బిడ్డ ఒకతె, పచ్చి వడ్ల వాసన తగిలితే తనకూ అంతేనందట. అమీనా డిగ్రీ పూర్తి చేసుకునే వెళ్లింది.

తర్వాతి ఏడాది నుంచి పరిచయాల రోజున రాజధానులు అడగడం మానేశాను. ముందు నా వరండా భోజనం సంగతి చెప్పేవాణ్ణి. ఆ తర్వాతే, మీ ఇల్లు ఏ వాసన వేస్తుందని అడిగేవాణ్ణి. మనం ముందు విప్పి చెప్పుకోకుండా ఎదుటివాళ్ల మనసులో మాట అడగకూడదని ఆ అమ్మాయి వల్ల తెలిసింది.

ఆ ఫారం ఇప్పటికీ ఆ ఏటి డైరీలో ఉంది. నా సర్వీసులో ఖాళీగా వదిలిన కాలమ్ అదొక్కటే.