నమ్మని మాస్టారింట్లో అమ్మవారి ధూపపాత్ర

కో రుయిలాంగ్ మాస్టారు దేవుణ్ణి నమ్మరు. ఊళ్ళో సగం మందికి సైన్సు చెప్పింది ఆయనే కాబట్టి ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. పిడుగు ఎలా పడుతుందో, గ్రహణం ఎందుకు పడుతుందో చెప్పి, చివర్లో "ఇందులో ఎవరి కోపమూ లేదు" అంటూ బోర్డు తుడిచేవారు. పిల్లలు బుద్ధిగా తలూపి, పరీక్ష ముందు సముద్రాన్ని కాచే మాజు అమ్మవారి గుడికెళ్ళి పెన్నులకి ధూపం చూపించుకునేవారు. మాస్టారికి తెలుసు, తిట్టేవారు కాదు. "ఆ పొగేదో ఒకసారి పుస్తకానికి కూడా పట్టించండ్రా" అనేవారంతే.

అలాంటి మనిషిని ఈ ఏడు అమ్మవారు ఎన్నుకుంది!

ఏటా గుడిలో ఇంటిపెద్దల పేర్లు చదువుతూ, ఒక్కో పేరుకీ నెలవంకలాంటి రెండు చెక్క బిళ్ళలు నేల మీద వేస్తారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అమ్మ "సరే" అన్నట్టు. వరసగా ఎక్కువ "సరే"లు ఎవరికి పడితే ఏడాదంతా ధూపపాత్ర వాళ్ళింట్లోనే ఉంటుంది. ఊరి తరఫున అమ్మని అడిగే హక్కూ వాళ్ళదే. మాస్టారి పేరు ఆయన భార్య అ-ఖిమ్ చడీచప్పుడు లేకుండా ఇచ్చేసింది. పడ్డాయి చూడండి "సరే"లు, ఆగకుండా!

"ఎవరో ఒకరికి పడాలి కదే! నాకు పడ్డాయి. ఇందులో వింతేముంది?" అన్నారు మాస్టారు.

"పడ్డాయిగా. ముందు ఆ మూలనున్న రేడియో తియ్యండి, పాత్ర పెట్టాలి" అంది అ-ఖిమ్.

మాస్టారి బాధ వేరే. ఊరు కుంగిపోతోంది. పాలబొంత చేపల చెరువులకని అందరూ బోర్లు వేసి నీళ్ళు లాగేస్తుంటే కింద నేల దిగిపోతోంది. ఎత్తు పెంచిన రోడ్డు మీంచి మెట్లు దిగితే గానీ ఇళ్ళలోకి వెళ్ళలేరు. సముద్రానికి పెద్ద పోటు వస్తే వంటింట్లో గిన్నెలు తేలతాయి. ఏళ్ళ తరబడి ఆయన ఇంటింటికీ వెళ్ళి బొమ్మలు గీసి మరీ చెప్పారు. అందరూ టీ పోసి, మర్యాదగా విని, పంపించేశారు.

గుడి కమిటీ పెద్ద అ-చువాన్ ఆయన పాత శిష్యుడే. ఊళ్ళోకెల్లా పెద్ద చెరువులు వాడివి. ఓ మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చి కూర్చున్నాడు.

"మాస్టారూ, పాత్ర ఇప్పుడు మీ దగ్గరుంది. బోర్ల సంగతి అమ్మనే అడగండి. ఆమె మూసెయ్యమంటే ఊరంతా మూసేస్తుంది."

"నేను చెబితే మూయరు, చెక్కముక్కలు చెబితే మూస్తారా? ఇదేం తెలివిరా?"

"మరి సముద్రపు కట్ట ఎలా వచ్చింది? అమ్మ దయే కదా."

"అమ్మ మోసిందా తట్టలు? మా నాన్న మోశాడు. ఆయన భుజం మీద కాయలు నేను చూశాను."

"మీ నాన్నకీ మా తాతకీ అసలు మాటల్లేవు కదా మాస్టారూ. ఇద్దర్నీ ఒక్కచోటికి పిలిచిందెవరు? గుడి డప్పే కదా!"

మాస్టారు గిన్నెలోకి తలొంచేసి గబగబా తినసాగారు. ఆ ముచ్చట ఎన్నడూ చూడని అ-ఖిమ్ సంబరంగా అ-చువాన్‌కి ఇంకో గిన్నె ఆల్చిప్పల సేమ్యా పోసింది.

ఆ తర్వాత ఆయన మనసు మనసులో లేదు. తను నమ్మనిదాన్ని అడ్డం పెట్టుకుని పని చేయించుకోవడం మోసం కాదూ? కానీ ఊరే మునిగిపోతుంటే ఈ నిజాయితీని ఎక్కడ ఆరబెట్టుకోవాలి?

అమ్మవారి పండగ రోజు గుడిలో ఊరంతా చూస్తుండగా మాస్టారు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"అమ్మా, ఊళ్ళో బోర్లు మూయించాలా?"

బిళ్ళలు రెండూ వెల్లకిలా పడ్డాయి.

"అమ్మ నవ్వింది! అడగడం సరిగా లేదట, మళ్ళీ అడుగు నాయనా" అందొక ముసలమ్మ.

మళ్ళీ వేశారు. మళ్ళీ నవ్వే. ఈసారి వెనకాల జనం కూడా కిసుక్కుమన్నారు.

అ-ఖిమ్ గొంతు వినిపించింది. "ఊరి బోర్లంటే ఎవరివి మాస్టారూ? మన చెరువు బోరు ఊళ్ళో లేదా, జపాన్‌లో ఉందా?"

అందరూ ఘొల్లుమన్నారు. మాస్టారు నవ్వలేదు. ఆ చెరువు అ-ఖిమ్‌కి పుట్టింటివాళ్ళిచ్చింది. చలిగాలులు మొదలైతే, బోరులోంచి వచ్చే గోరువెచ్చటి నీళ్ళు తోడితేనే చేపలు బతుకుతాయి. "అందరూ మూస్తే నేనూ మూస్తా" అని ఆయన ఎన్నిసార్లు అన్నారో! ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అదే మాట.

ఆయన వెనక్కి తిరిగి భార్య వైపు చూశారు. ఆమె ఓ క్షణం ఆగి తలూపింది.

మాస్టారు బిళ్ళలు నేల మీద పెట్టేశారు. "అమ్మా, ఇది అడగడం కాదు, చెప్పడం. మా బోరు రేపు మూసేస్తున్నాం. చలికి చేపలు పోతే పోతాయి."

అ-చువాన్ ముందుకొచ్చి ఆయన పక్కనే మోకరిల్లాడు. "మరి నా బోర్లమ్మా? మూసెయ్యనా?" అంటూ బిళ్ళలు వేశాడు.

రెండూ బోర్లా పడ్డాయి. వద్దంది అమ్మ.

"బతికిపోయావురా!" అన్నారెవరో.

నిజమే. లేచి ఇంటికెళ్ళిపోతే వాణ్ణి పల్లెత్తు మాట అనేవాళ్ళుండరు, అమ్మే వద్దంది మరి. కానీ వాడు లేవలేదు. బిళ్ళలు ఏరుకుని దోసిట్లో పట్టుకుని మాస్టారి మొహంలోకి చూశాడు.

"నేను కూడా సరిగా అడగలేదేమో కదా మాస్టారూ?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. చెప్పాల్సిన పాఠాలు చాలానే ఉన్నాయి.

"అయ్యుండొచ్చు. ఇంకోసారి వెయ్యరా" అన్నారు.