మేం తద్దినాలు పెట్టిన అమ్మమ్మను వెతుక్కుంటూ కొవ్వూరు దాకా

ముందే చెప్పేస్తున్నాను, ఇది గుళ్ళూ గోపురాలూ చూసొచ్చిన ప్రయాణం కాదు. పిఠాపురం నుంచి కొవ్వూరు వెళ్ళి రావడం, అంతే. పొద్దున్నే బయల్దేరి దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చేశాం. కానీ ఇంట్లో ఎవరినో పాత రోజుల్లో పిచ్చాసుపత్రిలో చేర్పించి, ఆ తర్వాత వాళ్ళ ఊసే ఎత్తకుండా ఉండిపోయిన కుటుంబాలు మన వైపు తక్కువేం లేవు. అలాంటి వాళ్ళు ఎవరైనా వెతకడానికి బయల్దేరుతుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

మా అమ్మకి డెబ్బై ఒకటి. ఆవిడకి మూడేళ్ళప్పుడు వాళ్ళమ్మ, అంటే మా అమ్మమ్మ రత్నమ్మ, విషజ్వరంతో పోయిందని ఇంట్లో చెప్పారు. తాతగారు ఏడాది తిరక్కుండానే మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. అలా వచ్చిన మా చిన్నమ్మమ్మ దేవతలాంటి మనిషి. సవతి తల్లి అన్న మాట మా అమ్మ నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆ చిన్నమ్మమ్మే నిరుడు మంచం పట్టాక అమ్మని దగ్గర కూర్చోబెట్టుకుని అసలు సంగతి చెప్పింది. తను కాపరానికి వచ్చేనాటికి అమ్మమ్మ బతికే ఉందట. రెండో కాన్పులో బిడ్డ పోయి, నిద్ర లేక, మనుషుల్ని గుర్తుపట్టక తిరుగుతుంటే, తాతగారు రైల్లో తీసుకెళ్ళి పిచ్చాసుపత్రిలో చేర్పించి వచ్చేశారట. ఎవరికీ చెప్పొద్దని చిన్నమ్మమ్మ చేత ఒట్టు వేయించుకున్నారట. ఇన్నేళ్ళూ అది మోసిందంటే పాపం ఆవిడ ఎంత నలిగిపోయిందో.

ఆసుపత్రి పేరు రాయను. అర్జీ పెట్టి, రెండుసార్లు స్వయంగా వెళ్ళి బతిమాలితే నాలుగు నెలలకి ఓ గుమాస్తాగారు దుమ్ములోంచి రెండు కాగితాలు తీసి జిరాక్సు ఇచ్చారు. ఆయన చల్లగా ఉండాలి. మొదటిది చేర్పించిన రోజుది. నేను లెక్కల టీచర్ని, తేదీ కనబడితే ఊరుకోలేను. ఫోన్లో పంచాంగం తీసి చూశాను. మాఘ బహుళ దశమి. చిన్నమ్మమ్మ కొడుకు, మా మావయ్య, ఏటా పాదగయలో అమ్మమ్మకి తద్దినం పెట్టే తిథి సరిగ్గా అదే! పోయిన తిథి ఏంటని పురోహితుడు అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా, తాతగారు ఆవిణ్ణి వదిలేసి వచ్చిన రోజే చెప్పేశారు. అంటే బతికున్న మనిషికి ఏళ్ళ తరబడి పిండాలు పెట్టాం. నాకు ఒళ్ళు మండిపోయింది. పోయిన తాతగారిని పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాను.

అమ్మ మాత్రం తిట్టింది చాలు, రెండో కాగితం చదవమంది. అందులో ఉన్నది ఇంతే: పదకొండేళ్ళ తర్వాత నయమైంది, ఇంటికి రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు, కొవ్వూరులోని మిషను వాళ్ళ స్త్రీల ఆశ్రమానికి పంపడమైనది. అప్పటికి అమ్మకి పద్నాలుగేళ్ళు. అమ్మ ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచింది. తర్వాత, "నన్నెప్పుడైనా తలుచుకుందో లేదో తెలిస్తే చాలే," అంది. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని మర్నాడే ఆదివారమని బయల్దేరాం.

పిఠాపురంలో ఆరున్నర ప్యాసింజరు ఎక్కితే, సామర్లకోటలో ఓ పావుగంట ఆగినా, ఎనిమిదింబావుకి రాజమండ్రిలో దిగాం. టిక్కెట్టు మనిషికి ముప్పై లోపే. అనపర్తి, ద్వారపూడి దాటాక కిటికీ వైపు సీటు దొరికింది కానీ అమ్మ బయటికి చూడలేదు. కాగితాల సంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది. రాజమండ్రి స్టేషను బయట ఓ చిన్న హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాం, ఇద్దరికీ కలిపి నూట ఇరవై. అమ్మ సగం వదిలేస్తే పెనం దగ్గర ఉన్న పెద్దావిడ బాగోలేదా అండి అని బాధపడి, వద్దన్నా వినకుండా అల్లం చట్నీ మార్చి ఇచ్చింది. ఆవిడ కోసమైనా అమ్మ మొత్తం తినేసింది. పక్కనే చామంతి పూలు అమ్ముతుంటే అర కిలో కొనిపించింది. ఎందుకమ్మా అంటే ఉండనీ అంది.

కొవ్వూరుకి బస్సులున్నాయి, చవక కూడాను. కానీ అమ్మ మోకాళ్ళకి ఎక్కడం దిగడం కష్టమని, వెయిటింగుతో కలిపి ఆరువందలకి ఆటో మాట్లాడాను. ఎనిమిదొందలు చెప్పాడు, నా దగ్గరా ఆ బేరాలు! ఆటో ఆయన పేరు సత్తిబాబు. వంతెన ఎక్కుతూ ఎవరింటికి వెళ్ళాలండి అని అడిగాడు.

"మా అమ్మ దగ్గరికి బాబూ," అంది అమ్మ.

ఆయన అద్దంలోంచి అమ్మ తెల్లజుట్టు వైపు ఓసారి చూశాడు. అక్కణ్ణించి ఆటో నెమ్మదిగా నడిపాడు. కింద గోదావరి నిండుగా ఉంది. నేను డిగ్రీ మూడేళ్ళూ రాజమండ్రిలోనే చదివాను. సాయంత్రాలు స్నేహితురాళ్ళతో గట్టు మీద కూర్చుని అవతల కొవ్వూరు దీపాలు చూస్తూ పల్లీలు తినేదాన్ని. ఆ దీపాల్లో ఒకటి ఎవరిదో నాకేం తెలుసు.

ఆశ్రమం ఇప్పుడు లేదు. ఆ ఆవరణలో స్కూలు నడుస్తోంది. ఆదివారం కదా, గేటుకి తాళం. నా ప్రాణం ఉసూరుమంది. సత్తిబాబే దిగి పక్కన చర్చిలోంచి బయటికొస్తున్న వాళ్ళని అడిగి, నీలం అంచు తెల్లచీర కట్టుకున్న ఒకావిణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ మార్త గారు, రిటైరైన నర్సు, అరవై నాలుగేళ్ళుంటాయి. చిన్నప్పుడు ఆశ్రమం హాస్టల్లోనే పెరిగిందట. నేను ఫైలు తీసి చెప్పబోతుంటే, పేరు వినగానే ఆవిడ నన్ను వదిలేసి అమ్మ మొహంలోకి చూడ్డం మొదలుపెట్టింది.

"రత్నమ్మ గారమ్మాయా అండి మీరు?" అని అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "రండి అక్కగారూ, ముందు ఆవిడ దగ్గరికి వెళ్దాం."

సమాధుల తోట అక్కడికి పది నిమిషాలు. ఆదివారాలు మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది. దారిలో మార్త గారు చెప్పిందంతా నేను నోరు తెరుచుకుని విన్నాను. అమ్మమ్మ అక్కడికి వచ్చేనాటికి మార్త గారికి ఏడేళ్ళు. అమ్మమ్మ హాస్టలు వంట చూసేదట. ఇరవై ఏడేళ్ళు ఆ పొయ్యి దగ్గరే. బాప్తిస్మం తీసుకోలేదు, ఎవరూ తీసుకోమని అడగనూ లేదు. బొట్టు పెట్టుకునే పిల్లలతో పాటు చర్చిలో వెనక వరసలో కూర్చునేదట. పోయినప్పుడు కొందరు మన సంఘంలో మనిషి కాదు కదా అని గొణిగితే, అప్పటి పాస్టరుగారు, మీ పిల్లలందరికీ అన్నం పెట్టిన మనిషి, ఇంకేం సభ్యత్వం కావాలయ్యా అని ఊరుకోబెట్టారట.

సమాధి చిన్నది. తెల్లగా మెరిసిపోతోంది. ఏటా నవంబరులో సమాధుల పండక్కి వాళ్ళ వాళ్ళ సమాధులకి సున్నం వేసుకుని పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు కదా, మార్త గారు వాళ్ళమ్మా నాన్నలదానితో పాటు దీనికీ వేయిస్తోందట. ఒక్క ఏడాది కూడా మానలేదట. మేము ఆ పక్క తప్పు తిథికి పిండాలు పెడుతుంటే, ఏ చుట్టరికమూ లేని మనిషి ఈ పక్క సున్నం వేస్తూ వచ్చింది. నాకు దుఃఖం ఆగలేదు. రాయి మీద రత్నమ్మ అని ఉంది, కింద హాస్టలు పిల్లల అమ్మ అని ఉంది. అమ్మ ఆ రెండో వరస మీద వేలు పెట్టి మెల్లగా చదువుకుంది. చామంతులన్నీ పేర్చింది. అడగాల్సిన ప్రశ్న మాత్రం అడగలేదు. తలుచుకోలేదంటే ఏం చెయ్యాలో తెలియక భయపడిందని నాకు అర్థమైంది.

మధ్యాహ్నం మార్త గారు భోజనం చెయ్యకుండా వెళ్ళనివ్వలేదు. సత్తిబాబుకి కూడా అరుగు మీద విస్తరి వేసింది. ముద్దపప్పు, గోంగూర, వేయించిన వడియాలు. ఈ పప్పు రత్నమ్మ గారు నేర్పిందే, పోపులో ఆవాలు చిటపటలాడాక గాని వెల్లుల్లి వెయ్యనిచ్చేది కాదు అని చెబుతూ వడ్డించింది. అమ్మ రెండోసారి పప్పు వేయించుకుంది. చెయ్యి కడుక్కుని వచ్చాక, తలొంచుకునే అడిగింది. మా అమ్మ నా గురించి ఎప్పుడైనా ఏమైనా అనేదా అండి అని.

మార్త గారు, ఊరి పేరు గాని, మొగుడి పేరు గాని, ఆసుపత్రి సంగతి గాని అమ్మమ్మ ఎన్నడూ ఎత్తలేదంది. అమ్మ మొహం పాలిపోయింది. అప్పుడు మార్త గారు లేచి లోపలికెళ్ళి ఓ బిస్కెట్ల డబ్బా తెచ్చింది, రంగంతా పోయింది. ఆదివారం పొద్దున్న చర్చికి ముందు హాస్టలు ఆడపిల్లలందరికీ అమ్మమ్మే జడలు వేసేదట. క్రిస్మస్‌కి పిల్లకొక కొత్త రిబ్బను పంచేవారట. అందరికీ ఇచ్చాక ఇంకొకటి కావాలని ప్రతి ఏడాదీ పట్టుబట్టి అడిగి తీసుకునేదట. ఎవరికే అని వార్డెనమ్మ అడిగితే ఎప్పుడూ ఒకే మాటట.

"మా అమ్మాయికండి. జుట్టు ఇంకా జడకి అందదు, అందినాక కడతాను అనేది. మేం పెద్దవాళ్ళమై పెళ్ళిళ్ళై పిల్లల్ని ఎత్తుకొచ్చినా అదే మాట. ఆవిడకి మీరెప్పుడూ మూడేళ్ళ పిల్లేనండి."

డబ్బా మూత తీసింది. అన్నీ ఎర్ర రిబ్బన్లే, చుట్టలు చుట్టి ఉన్నాయి. అడుగువి వెలిసిపోయి గులాబీ రంగు తిరిగాయి. అమ్మ వాటిని తాకి, ఒక్కసారిగా చిన్నపిల్లలా ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. అరుగు మీద సత్తిబాబు కూడా తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఏడుపు తగ్గాక అమ్మ ముడి విప్పుకుంది. మార్త గారి ముందు చాప మీద వెనక్కి తిరిగి కూర్చుంది. ఆవిడకి అర్థమైంది. కొబ్బరినూనె రాసి, చిక్కు తగిలిన చోటల్లా నొప్పి పుట్టకుండా మాడు అరచేత్తో అదిమి పట్టుకుని దువ్వింది. రత్నమ్మ గారు మాకిలాగే దువ్వేదండి అంది. పల్చటి తెల్ల జడకి అన్నిటికంటే అడుగున ఉన్న రిబ్బను కట్టింది.

"అందిందమ్మా," అంది అమ్మ. మాకెవరికీ కాదు, వీధి వాకిలి వైపు చూస్తూ అంది.

నాలుగున్నర బండికి తిరిగొచ్చేశాం. వంతెన మీద నుంచే మావయ్యకి ఫోను చేసి అంతా చెప్పాను. విని, అసలు తిథి కనుక్కున్నావా అక్కా అని అమ్మని అడిగాడు. మార్త గారు తన బైబిలు వెనక అట్ట మీద రాసుకున్న తేదీ మా దగ్గరుంది. తిథి మారుస్తాడు మావయ్య. నవంబరులో సున్నం బకెట్టు పట్టుకుని అందరం కొవ్వూరు వెళ్తాం. తాతగారి మీద నా కోపం పూర్తిగా పోలేదు, పోయిందని అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఇంటికొచ్చేసరికి తలుచుకోవడానికి ఆయన కంటే మంచివాళ్ళు చాలామంది దొరికారు: నిజం చెప్పి పోయిన చిన్నమ్మమ్మ, కాగితాలు తీసిన గుమాస్తాగారు, గొణిగేవాళ్ళని ఊరుకోబెట్టిన ఆ పాస్టరుగారు, మార్త గారు. వీళ్ళందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

వెతకబోయే వాళ్ళకి ఒక్క మాట. ఆసుపత్రికి వెళ్తే మరణాల రిజిస్టరు ఒక్కటే అడిగి ఊరుకోకండి, డిశ్చార్జి రిజిస్టరు కూడా తీయించండి. నేను మొదటిసారి చచ్చిపోయిన వాళ్ళ పేర్లు మాత్రమే చూపించమని అడిగి, అందులో ఆవిడ పేరు లేదంటే తిరిగొచ్చేశాను. బతికి బయటికెళ్ళిన వాళ్ళ పుస్తకం పక్క బీరువాలోనే ఉంది.