నార్సింగి గుట్ట మీద హాజరు

ఏప్రిల్‌లో గచ్చిబౌలి చేరాను. సైన్యం వదిలాక ఇదే నా కొత్త పోస్టింగ్. ఐటీ కంపెనీలో సెక్యూరిటీ సూపర్‌వైజర్. గేటు దగ్గర నిలబడితే తారు వేడి బూట్లలోంచి తెలిసేది. అంతకుముందున్నది మంచు పోస్టులో. చలైనా ఎండైనా నాకు తేడా లేదు. అప్పటికే ఏదీ పెద్దగా అనిపించడం మానేసింది.

హెచ్‌ఆర్ మేడమ్‌ది కాకినాడ. "సుబేదారు గారూ, మనవాళ్ళకి కొండెక్కడం నేర్పండి. కుర్చీలకి అతుక్కుపోయారండి" అన్నారు. ఆదివారం, నార్సింగి అవతల రాళ్ళగుట్ట. పన్నెండు మంది.

పొద్దున ఐదున్నరకి గుట్ట కింద వరసగా నిలబెట్టాను. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ, కాలికి అలవాటైన బూట్లు. "దాహం వేయకముందే తాగండి. మాట్లాడుతూ నడవగలిగితే అదే సరైన వేగం. అందరికన్నా మెల్లగా నడిచేవాడు ముందుంటాడు."

ఆ మెల్లగా నడిచేవాడు టెస్టింగ్ టీమ్ కుర్రాడు, సిద్దిపేట వాడు. ముందు నిలబెడితే సిగ్గుపడ్డాడు.

"నా వల్ల అందరు లేటయితరు సార్."

"లేటైతే కొంపలేం మునగవు. నడువు."

ఆగిన ప్రతిచోటా భుజం తట్టి లెక్కపెట్టాను. మా పటాలంలో హాజరంటే అదే. పైన గాలి బాగుంది. ఇడ్లీ పొట్లాలు విప్పారు. కుర్రాడు దూరంగా చెయ్యి చూపించి, "గీడికెల్లి మా ఆఫీసు అగ్గిపెట్టె లెక్కున్నది సార్" అని నవ్వాడు. అందరూ సంతోషంగా ఉన్నారని అర్థమైంది. నాకు అర్థమైంది, అంతే.

ఎనిమిదింటికి ఎండ ముదిరింది. దిగేటప్పుడు కొందరు ఉరికారు, వరస చెదిరింది. కింద మళ్ళీ భుజాలు తట్టబోతే మేడమ్ ఆపారు.

"ఎందుకండీ శ్రమ? వాట్సాప్ గ్రూపులో అడగండి, బొటనవేలు పెట్టేస్తారు. ఆఫీసులో మాకంతేగా!"

"అందరూ దిగారా?" అని పెట్టాను. పన్నెండు బొటనవేళ్ళు వచ్చాయి. డ్రైవర్ బస్సు స్టార్ట్ చేశాడు. నా చెయ్యి ఊరుకోలేదు. సీటు సీటుకీ తట్టుకుంటూ వెళ్ళాను. పదకొండు భుజాలే ఉన్నాయి.

మంచులో మా రేడియో ఆపరేటర్ కూడా సెట్‌లో "ఠీక్ హై సాబ్" అన్నాడు. మేం వెళ్ళేసరికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయి ఉన్నాడు.

పరిగెత్తాను. సగం గుట్ట మీద, బండకి ఆనుకుని ఉన్నాడు టెస్టింగ్ కుర్రాడు. సీసా ఖాళీ. ఒళ్ళు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. నీడకి లాగి, మెడ మీద, చంకల్లో నా సీసాలోని నీళ్ళు పోసి, టోపీతో విసిరాను. చాలాసేపటికి కళ్ళు తెరిచాడు.

"నా కోసం అందరు పరేషాన్ అయితరని నొక్కిన సార్. జర కూసొని వద్దామనుకున్న."

"తెల్లారినట్టే ఉంది నీ తెలివి" అన్నాను. నా గొంతు ఎవరిదోలా వినిపించింది.

నా వెనకే వచ్చిన ముగ్గురితో కలిసి మోసుకుని దించాం. దవాఖానలో కొన్నాళ్ళుండి బతికి బయటపడ్డాడు. ఆ రోజు మాత్రం డాక్టర్లు ఏ మాటా ఇవ్వలేదు. నేను నిజాంపేటలో ఇంటికి చేరాను. మా ఆవిడ అన్నం పెట్టింది. తిన్నాను. ఎలా జరిగిందని అడిగితే, బాగానే జరిగిందన్నాను. భయం, కోపం, ఏదో ఒకటి రావాలి కదా. రాలేదు.

ఆ గుట్ట మాత్రం పోలేదు. ఇప్పటికీ కళ్ళు మూస్తే అదే. బండ మీద వెల్లకిలా వాడి ఫోను. అందులో నా ప్రశ్న. దాని కింద పసుప్పచ్చని బొటనవేలు, నిటారుగా. పక్కనే రాతి మీద వాడి చెయ్యి, కదలకుండా.