బాలశౌరి మూడో కూతురు

గవర్నర్‌పేటలో ఒక పాత లాడ్జి పై అంతస్తులో బాలశౌరి ఆఫీసు. ఆఫీసంటే ఒక టేబులు, రెండు కుర్చీలు, గోడకు రెండు ఫ్లెక్సీలు. రెండు ఫ్లెక్సీల్లోనూ నల్లకోటు వేసుకుని ఒకే అమ్మాయి నవ్వుతుంటుంది. ఒకదాంట్లో ఆమె హైవే పక్కనున్న యూనివర్సిటీలో చదువుతోంది, రెండోదాంట్లో కాలువగట్టు మీది యూనివర్సిటీలో. వాటికి పెద్ద పెద్ద పేర్లే ఉన్నాయి గానీ, నోరు తిరగక జనం ఒకదాన్ని ‘హైవేది’ అనీ, ఇంకోదాన్ని ‘కాలవది’ అనీ అంటారు.

బాలశౌరి ఆ రెండింటికీ పీఆర్వో. అదేదో పెద్ద ఉద్యోగం అనుకునేరు. ఇంటర్ పరీక్షలు అవగానే పిల్లలున్న ఇంటి తలుపు తట్టడం, చెమట తుడుచుకుంటూ కూర్చోవడం, మజ్జిగ పుచ్చుకోవడం, పిల్లాణ్ణి చేరుస్తామని పెద్దవాళ్ళు అనేదాకా లేవకపోవడం. ఒకప్పుడు ఆయన జూనియర్ కాలేజీలో కామర్సు లెక్చరరు. ఎండాకాలం వస్తే యాజమాన్యం లెక్చరర్లందరినీ ఇళ్ళ మీదికి తోలేది. మిగతావాళ్ళు ఏడుస్తూ వెళ్ళి ఉత్తి చేతులతో వస్తే, ఈయన అడుగుపెట్టిన ప్రతి ఇంటి నుంచీ ఒక పిల్లాణ్ణి పట్టుకొచ్చేవాడు. ఇంత నోరు క్లాసులో వృథా అని గుర్తించి చాక్‌పీసు లాగేసుకున్నారు.

ఆ నోటికి మొదట్లో ఒక్కచోటే తడబాటు. చెప్పిందంతా విన్నాక, ఇంటి ఆడవాళ్ళు చివర్లో ఒక మాట అడిగేవారు: “మీ అమ్మాయినయితే ఎక్కడ చేరుస్తారండీ?”

అప్పటికి ఆయన ఒక్కగానొక్క కూతురు వినీల ఎల్కేజీ. ఆ మాట చెబితే బేరం చెడుతుంది. అందుకని బాలశౌరి మాటల్లోనే ఒక పెద్దమ్మాయిని కన్నాడు. హైవేదాంట్లో బీబీఏ చదివించాడు. ఆ అమ్మాయి బాగా కలిసిరావడంతో, కాలవదాని కోసం ఒక చిన్నమ్మాయిని కూడా కన్నాడు. భార్య తెరేసమ్మకు కబురు కూడా తెలియకుండా జరిగిపోయిన పురుళ్ళవి. పెద్దది చురుకు, చిన్నది నెమ్మది. పెద్దదానికి ఏటేటా బ్యాంకులో ఉద్యోగం వస్తూనే ఉంది. చిన్నది, పాపం, ఏళ్ళ తరబడి సెకండియర్‌లోనే ఉంది.

ఈ సందట్లో అసలు కూతురు ఎదిగిపోయింది. ఇంటర్ పాసై, బీబీఏ చదువుతానంది. రెండింట్లోనూ సీటొచ్చింది. అక్కడ సీటు రాకుండా ఉండటమే కష్టం.

“డాడీ, ఏది మంచిది?”

“రెండూ మంచివేనమ్మా. హైవేది తీసుకో, వరల్డ్ క్లాస్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్…”

“పాంప్లెట్ అప్పజెప్పకు. నిన్నడుగుతున్నా.”

బాలశౌరి సీలింగ్ ఫ్యాను వైపు చూశాడు. తెలియక కాదు. చేరేదాకా తల్లిదండ్రులకు ఈయన ఫోన్ చేస్తాడు, చేరాక ఈయనకు వాళ్ళు చేస్తారు. ఎక్కడ ఏం ఏడుస్తోందో ఆయనకు తెలిసినంతగా వైస్ ఛాన్సలర్లకు కూడా తెలియదు. కానీ ఒకటి మంచిదని సొంత కూతురితో అన్నాడంటే, రెండోదాంట్లో తాను చేర్పించిన పిల్లలంతా వరసగా కళ్ళముందు నిలబడతారు. అందుకని ఫ్యాను మీంచి చూపు దించలేదు.

“ఎల్లుండితో గడువైపోతుంది. నువ్వు చెప్పకపోతే బొమ్మా బొరుసూ వేసి చేరిపోతా. మూడేళ్ళు ఏడ్చేది నేనేగా.”

తెరేసమ్మ వంటింట్లోంచి అంది: “రేపు దాన్ని మీతో తీసుకుపోండి. ఇంట్లో మూగనోము, బయట మైకు. అక్కడైనా వింటుంది.”

మర్నాడు హనుమాన్ జంక్షన్. టైర్ల షాపు వెనకే కనకవల్లి ఇల్లు. నిరుడు ఆవిడ పెద్ద కొడుకును హైవేదాంట్లో చేర్పించింది బాలశౌరే. ఇప్పుడు చిన్నవాడు శ్రీచరణ్ వంతు. ఈసారి శ్రమ కూడా లేకపోయింది. కూర్చున్న కాసేపటికే హైవేదాని ఫారం మీద సంతకం పడింది. అప్పుడు మజ్జిగ అందిస్తూ కనకవల్లి వినీలను ఎగాదిగా చూసింది.

“మీ అమ్మాయేనా అన్నయ్యగారూ? ముక్కు అచ్చం మీదే. ఏమ్మా, నువ్వు పెద్దమ్మాయివా, చిన్నమ్మాయివా?”

బాలశౌరికి మజ్జిగ పొలమారింది.

“ఏ పెద్దమ్మాయండీ?” అంది వినీల.

“అదేనమ్మా, హైవేదాంట్లో చదివి బ్యాంకులో చేరిందే! చిన్నదేమో కాలవదాంట్లో ఉందని మంగళగిరిలో మా చెల్లెలికి చెప్పారంటగా. ఆడపిల్లలిద్దర్నీ అంతలా చదివిస్తున్నారు, ఎంత మంచి తండ్రో అని మేం అనుకోని రోజు లేదు.”

బాలశౌరి దగ్గు ఆగలేదు. వినీల ఆయన వీపు తట్టింది, అవసరమైనదానికంటే కాస్త గట్టిగానే.

“నేను మూడోదాన్నండీ. ఇంకా ఎక్కడా చేరలేదు.”

“అయ్యయ్యో, ముగ్గురూ ఆడపిల్లలేనా!” కనకవల్లి జాలితో బాలశౌరి గ్లాసు మళ్ళీ నింపింది.

బయటికొచ్చి, సెంటర్లో టీ కొట్టు దగ్గర ఆగారు. ఇక తిట్లు మొదలవుతాయని బాలశౌరి తల వంచి సిద్ధంగా ఉన్నాడు. వినీల టీ ఊదుకుని, చాలా మామూలుగా అడిగింది.

“పెద్దక్క బాగుందా డాడీ?”

“ఏడిపించకమ్మా.”

“ఏడిపించట్లేదు. నా సంగతి అడిగితే నీకు మాట రాదుగా. అక్కల సంగతైనా చెప్పు. హైవేదాంట్లో పెద్దక్కకి చదువెలా చెప్పారు?”

బాలశౌరి పోయే లారీల వైపు చూశాడు. లేని కూతురి గురించి కాబట్టి మాట సులువుగా వచ్చింది.

“ఏం చదువులే. బిల్డింగు చూస్తే ఎయిర్‌పోర్టు. చెప్పేవాళ్ళూ విమానాల్లాగే, వస్తారు పోతారు. ఒకాయన అకౌంట్స్ చెప్పడానికొచ్చి, అక్కడే నేర్చుకుని వెళ్ళిపోయాడు.”

“ఇంటర్న్‌షిప్?”

“ఇంటర్ పిల్లల ఫోన్ నంబర్లిచ్చి, వీళ్ళని చేర్పించండి అన్నారు. మార్కెటింగ్ ఇంటర్న్‌షిప్ అంటే అదేనంట.”

“అంటే పెద్దక్క కూడా నీ ఉద్యోగమే చేసింది. మరి బ్యాంకు?”

“బ్యాంకు లోపల కాదమ్మా. బయట, ఎండలో, క్రెడిట్ కార్డులు అమ్మింది.”

“చిన్నక్కో?”

“అది తిట్టుకోని రోజు లేదు. బస్సు దారిలో ఆగిపోద్ది. వానొస్తే క్లాసులో గొడుగేసుకోవాలి. అక్కడి సాంబారు కంటే కాలవ నీళ్ళు నయం. పైగా కాస్టింగ్ అని ఖర్చుల లెక్కలు చెప్పే ముసలాయన ఒకడున్నాడు, సరిగ్గా రాయకపోతే ఫెయిలే. ఎవరు సిఫార్సు చేసినా వినడు. నేనూ చేసి చూశా.”

“చిన్నక్కని ఫెయిల్ చేశాడా?”

“చేశాడు. ఏడ్చింది. తర్వాత ఆయన దగ్గరే కూర్చుని నేర్చుకుని మళ్ళీ రాసింది. ఇప్పుడు ఏ వ్యాపారం లెక్కలు ముందుపెట్టినా, వాడు ఎక్కడ మునుగుతున్నాడో వేలు పెట్టి చూపిస్తది.” ఆ మాట దగ్గర బాలశౌరి గొంతు మారింది. చాలాకాలం కిందట చాక్‌పీసు పోగొట్టుకున్న మనిషి గొంతు అది.

వినీల గ్లాసు పెట్టేసింది. “నేను చిన్నక్క దగ్గరికే పోతా.” తర్వాత, ఫారం పెట్టుకున్న బాలశౌరి సంచి వైపు చూసింది. “మరి శ్రీచరణ్‌ని ఇందాక పెద్దక్క దగ్గరికి పంపావే?”

బాలశౌరి ఫోన్ తీసి చెవికి పెట్టుకుని, “ఆఁ, చెప్పండి సార్,” అన్నాడు. అవతల ఎవరూ లేరు.

వినీల కాలవదాంట్లో చేరింది. క్లాసులు మొదలైనా సీట్లు మిగిలే ఉన్నాయి కాబట్టి బాలశౌరి తిరగడం మానలేదు. మంగళగిరిలోనే ఇంకో వీధిలో సీతమ్మ అనే ఆవిడ అంతా విని అలవాటైన ప్రశ్నే వేసింది.

“మా అమ్మాయిని కాలవదాంట్లోనే చేర్చానండీ. నాకు ఒక్కతే కూతురు,” అన్నాడు బాలశౌరి. అనుభవం లేని పని కావడంతో మాట మాటకీ తడబడ్డాడు.

సీతమ్మ పకపకా నవ్వింది. “మొన్నొచ్చినాయనా ఇదే మాటన్నాడు లెండి. పీఆర్వోలందరికీ కూతుళ్ళేనా? ఒక్కరికైనా కొడుకు పుట్టడా?”

ఉక్రోషం పట్టలేక బాలశౌరి వినీలకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. “అమ్మా, ఇక్కడొకావిడ మీ కాలేజీ గురించి అడుగుతున్నారు, చెప్పు.”

“ఎవరిలాగా మాట్లాడను డాడీ? చిన్నక్కలాగానా?”

“నీలాగే మాట్లాడు తల్లీ.”

వినీల మాట్లాడింది. బస్సుతో మొదలుపెట్టి, కారే కప్పు మీదుగా, సాంబారు దాకా వచ్చి, కాస్టింగ్ ముసలాయన రాత్రుళ్ళు కల్లోకి వచ్చి లెక్కలడుగుతున్నాడని ముగించింది. బాలశౌరి కళ్ళు మూసుకున్నాడు. సీటు పోయిందనే అనుకున్నాడు.

“ఇది నిజంగా చదువుతున్న పిల్లేనండోయ్,” అంది సీతమ్మ. “ఇన్ని తిట్లు బయట కూర్చుంటే రావు. మా వాణ్ణి ఎప్పుడు తీసుకురమ్మంటారు?”

బాలశౌరి సత్యం విలువ ఆ రోజు తెలుసుకున్నాడు. మర్నాటి నుంచి ఏ ఇంటికెళ్ళినా ముందు సాంబారును తిట్టి గాని మాట మొదలుపెట్టడం లేదు. రెండు యూనివర్సిటీల సాంబారునూ.