క్లచ్చు లేని బస్సు

డిపోలో అందరూ ఆయన్ని పెద్ద డ్రైవరనే పిలుస్తారు. ఇరవై ఆరేళ్లుగా డీజిల్ బస్సు నడుపుతున్నాడు. ఏడో నంబరు దారి ఆయనకు కొట్టిన పిండి. అంతటి మనిషి కొత్త కరెంటు బస్సు పరీక్షలో రెండుసార్లు తప్పాడు. ఎవరివల్లనో కాదు, తన ఎడమకాలి వల్ల.

ఆ బస్సుకి గేర్లు లేవు, క్లచ్చు లేదు. ఎడమకాలికి పనే లేదు. కానీ ఇన్నేళ్లూ క్లచ్చు తొక్కిన కాలు ఊరుకుంటుందా? మలుపు రాగానే దానంతటదే లేచి, వెడల్పాటి బ్రేకుని దబీమని తొక్కేది. బస్సు ఉన్నపళాన ఆగిపోయేది. మొదటిసారి, నేర్పే అమ్మాయి కళ్లజోడు ఎగిరి అద్దానికి తగిలింది. రెండోసారి ఆ అమ్మాయి ముందే తీసి జేబులో పెట్టుకుంది.

"బాబాయ్, ఇంకొక్క అవకాశమే ఉంది. అదీ పోతే మిమ్మల్ని గేటు దగ్గర కూర్చోబెడతారు," అంది మెల్లగా. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం ఆయనకు ముద్ద దిగలేదు. భార్య దర్జీ దుకాణంలో పని చేస్తుంది, రోజూ పొద్దున ఆయన బస్సులోనే వెళ్తుంది. సంగతంతా విని, రెండు చెప్పులు తెచ్చి నేలమీద పెట్టి, ఇది బ్రేకు, ఇది యాక్సిలరేటరు అంది. పక్కన కుర్చీ వేసుకుని ఆయన ఎడమపాదం మీద తన పాదం ఆనించింది. కూరగాయలు తరుగుతూనే మలుపనీ, సిగ్నలనీ, ఎవరో అడ్డమొచ్చారనీ కేకలు. కాలు లేవబోతే అదిమేది. పదోరోజుకి కింది పాదం లేవడం మానేసింది. ఆవిడ మాత్రం తన కాలు తియ్యలేదు.

మూడో పరీక్ష గట్టెక్కాడు. నేర్పే అమ్మాయి ఆయనకంటే ఎక్కువ సంబరపడింది.

మర్నాడు పొద్దున భార్య బస్సెక్కి, ఎప్పటిలాగే ఆయన వెనక సీట్లో కూర్చుంది. పాత బస్సులో ఇంజను ఆయన పక్కనే ఉండేది. ఆ మోతలో వెనకనుంచి ఎవరేమన్నా చెవినపడేది కాదు. ఇవాళ సిగ్నలు దగ్గర ఆగితే బస్సులో చడీచప్పుడూ లేదు.

"మెడమీద జుట్టంతా నెరిసిపోయింది మహానుభావుడికి," అని వెనక గొణుగుడు వినిపించింది. "ఈయనే లేకపోతే నేనేమైపోయేదాన్నో."

ఇంట్లో ఆవిడ నోట పంచదార అయిపోయిందన్న మాటే తప్ప ఇలాంటిది ఆయన ఎన్నడూ వినలేదు.

"నాకు వినిపిస్తోందే," అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆవిడ ఉలిక్కిపడి చేత్తో నోరు మూసుకుంది.

"రోజూ ఇలాగే ఏదో ఒకటి అంటావా?"

"రోజూనండీ," అంది ఆవిడ, వేళ్ల సందులోంచి.

ఇన్నేళ్లూ ఆ మాటలన్నీ విన్న పాత ఇంజను మీద ఆయనకు పట్టరాని కుళ్లు పుట్టింది.