విరగని ముక్క

ఆయన్ని ఆఫీసులో అందరూ పగుళ్ళాయన అంటారు. సన్నని ఉక్కు పూసలతో కొట్టి పైపొరను గట్టిపరిచిన లోహపు ముక్కలో, ఆ పొర అడుగున పుట్టిన పగులు ఎలా పాకి ఎప్పటికి విరగ్గొడుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఆయన పని. బస్సెక్కినా చేతికందిన కమ్మీని బొటనవేలితో తడిమి చూడందే కూర్చోడు. ఆదివారం కూడా ల్యాబ్‌కి వచ్చి, ఆ లెక్క సరిచూసేందుకు ముక్కను విరిగేదాకా లాగుతూ వదులుతూ ఉండే యంత్రం ఎదురుగా స్టూలేసుకుంటాడు. ఆ మోత వినబడుతుంటేనే ఆయనకు ముద్ద దిగుతుంది.

ఈ ఆదివారం ఆయన అన్నం డబ్బా పక్కన పెట్టుకుని కూర్చునుండగా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, అందరం నీకోసమే చూస్తున్నాం. బయల్దేరావా?" "ముక్క ఇంకా విరగలేదమ్మా. వదిలేసి ఎలా రాను?" "పోయినసారీ ఇదే చెప్పావు. అయినా మోత వినబడట్లేదేం?" "తలుపేసి బయట మాట్లాడుతున్నాలే. మీరు తినేయండి." "సరే, విరగ్గానే వచ్చెయ్" అని ఆమె పెట్టేసింది. యంత్రం అప్పటికే ఆగిపోయి ఉంది. ఆయన ఒళ్ళో ముక్క రెండుగా పడి ఉంది. రెండు సగాలనూ గీత కనబడకుండా కలిపి కాసేపు పట్టుకున్నాడు. తర్వాత లేచి కొత్త ముక్క బిగించి, మోత మొదలయ్యాక గానీ డబ్బా మూత తీయలేదు.